పంటి మేస్త్రి రూట్ కెనాల్

పన్ను నొప్పి వచ్చినవాడికి సలహా చెప్పని మనిషి ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. లవంగం పెట్టుకోమని ఒకరు, ఉప్పునీళ్ళు పుక్కిలించమని ఒకరు, పీకించి పారేస్తే పీడా విరగడవుతుందని ఇంకొకరు. మిల్లు గేటు దగ్గర కాపలావాడు కూడా వాచిన నా బుగ్గ చూసి, "ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నారు మీరు?" అని అడిగాడు. ఏ పక్కకీ పడుకోవడం లేదయ్యా బాబూ, అదే కదా నా ఏడుపు!

ముందు నా సంగతి చెప్పాలి. నేను కాగితం మిల్లులో ఫిట్టర్ని. అక్కడ నన్ను అందరూ పంటి మేస్త్రి అంటారు. తడి కాగితాన్ని ఆరబెట్టే రోలర్లు మా దగ్గర నలభై రెండు ఉన్నాయి. ఒక్కో రోలరుకి అటొకటి ఇటొకటి బేరింగులు. ఆ ఎనభై నాలుగింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ చెడిపోయే దారిలోనే ఉంటుంది. ముందే కనిపెట్టకపోతే రోలరు బిగుసుకుపోయి, కాగితం తెగి, మొత్తం మిషనే ఆగిపోతుంది. ఆ రొదలో చెవులు ఎందుకూ పనికిరావు. అందరం చెవుల్లో బిరడాలు పెట్టుకునే తిరుగుతాం. అందుకని నేను మూరెడు ఇనప కడ్డీ తీసుకుని, ఒక కొన బేరింగు మీద ఆనించి, రెండో కొన కుడివైపు దవడ పళ్ళతో కరిచి పట్టుకుంటాను. బేరింగు లోపలి చప్పుడు నేరుగా తలలోకి వచ్చేస్తుంది. బాగున్నదైతే సన్నగా, సాఫీగా వినిపిస్తుంది. చెడిపోయేదైతే గరగరమంటుంది.

ఈ విద్య నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రి పెట్టిన భిక్ష. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పక్క, అదే పన్ను. నన్ను చూసి ఒకరిద్దరు కరిచి చూశారు గానీ, పళ్ళు జివ్వుమంటున్నాయని మర్నాడే వదిలేశారు. స్పానరు తిప్పేవాళ్ళు మిల్లులో పాతికమంది ఉన్నారు. వినేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వినికిడి పోయిందంటే నేను ఇరవై ఆరోవాణ్ణి, అంతే.

ఖర్మ కాకపోతే, ముప్ఫై రెండు పళ్ళుండగా ఆ పన్నుకే రావాలా రోగం?

వారం రోజులు పంటి బిగువున భరించాను. చివరికి మా ఆవిడే బలవంతంగా పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ గంటన్నర కూర్చోబెట్టారు. గోడ నిండా నవ్వే మొహాల బొమ్మలు. పన్ను సలుపుతున్నవాడి ముందు ఆ పళ్ళికిలింపులు పెట్టాలన్న ఆలోచన ఎవడికొచ్చిందో గానీ, వాడు దొరికితే నాలుగు తగిలించేవాణ్ణి. మా ఆవిణ్ణి బయటే ఉండమని, నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో. "ఏ పన్నండీ?" అంది. వేలు పెట్టి చూపించాను. చిన్న అద్దం పెట్టి చూసి, "ఇది కాదండీ, దీని వెనకది" అంది.

నాకు ఒళ్ళు మండింది. నొప్పి నాది, పన్ను నాది, నాకు తెలియదా? "అమ్మా, ఎనభై నాలుగు బేరింగుల్లో ఏది చెడిందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి నేను. నా నోట్లో ఏది చెడిందో నాకు తెలియదంటావా?" అన్నాను.

ఆ పిల్ల అద్దం కాడ తిప్పి, నేను చూపించిన పన్ను మీద టిక్కుటిక్కుమని కొట్టింది. ఏమీ లేదు. వెనక దాని మీద ఒక్కటి కొట్టింది. కుర్చీలోంచి జానెడు పైకి లేచాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి కంటే ఓడిపోయినందుకే ఎక్కువ ఉక్రోషం వచ్చింది. ఆలోచిస్తే, నేను కడ్డీ కరిచేది కూడా ఆ వెనక పన్నుతోనే.

ఫొటో తీసి, కాగితం మీద పన్ను బొమ్మ గీసి చెప్పింది. "పన్నంటే గట్టి రాయిలా ఉంటుందనుకుంటాం కదండీ. లోపల చిన్న గది ఉంటుంది. ఆ గదిలో నరం, రక్తం ఉంటాయి. అక్కణ్ణించి సన్నటి గొట్టాలు వేళ్ళ చివరిదాకా వెళ్తాయి. మీ పన్ను పైన సన్నగా చిట్లింది. ఆ చీలికలోంచి క్రిములు లోపలికి పోయాయి. నరం వాచింది. వాచడానికి అక్కడ చోటు లేదు కదా, అందుకే ఆ పోటు."

"మరి పీకేస్తారా?"

"ఎందుకు పీకడం? నిలబడే పన్నే. పైనుంచి చిన్న కన్నం పెట్టి, చెడిపోయిన నరం తీసేసి, గొట్టాలు శుభ్రంగా కడిగి, మందు పెట్టి మూసేస్తాం. పైన క్యాప్ తొడుగుతాం. దీన్నే రూట్ కెనాల్ అంటారు. మూడుసార్లు రావాల్సి ఉంటుంది."

"నరం తీసేస్తే పన్నుకి ఇంకేం తెలుస్తుంది?"

"చల్లన, వేడి, ఏమీ తెలియదండీ. హాయిగా ఉంటుంది" అని నవ్వింది.

హాయిగానా? ఏమీ తెలియని పన్ను నాకెందుకు? బేరింగు చప్పుడు మోసేది ఆ నరమే కదా అనుకున్నాను. చెవికి నరం ఉన్నట్టే పంటికీ ఉంటుంది, దాన్ని లాగేస్తే టెలిఫోను తీగ కోసేసినట్టే. ముప్ఫై ఒక్క ఏళ్ళ విద్యని ఈ పిల్ల సూది పెట్టి లాగి చెత్తబుట్టలో వేస్తానంటోంది, పైగా నవ్వుతోంది.

మళ్ళీ నోట్లో అద్దం పెట్టి చూస్తూ, అప్పుడే అడిగింది అసలు ప్రశ్న. "ఏదైనా గట్టి వస్తువు కొరికే అలవాటుందా మీకు? ఊరికే ఇలా చిట్లదండీ."

నోట్లో రెండు వేళ్ళూ ఒక అద్దమూ పెట్టి ప్రశ్నలడగడం ఈ డాక్టర్లకి సరదా. వేళ్ళు తీసేలోపు ఆలోచించుకున్నాను. సెలవు కావాలంటే డాక్టరు రాసిచ్చిన కాగితం మిల్లు ఆఫీసులో ఇవ్వాలి. అందులో ఇనప కడ్డీ కొరకడం వల్ల అని రాసిందంటే, సేఫ్టీ ఆఫీసరు ఆ సాయంత్రమే నా కడ్డీ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.

"ఎముక కొరికానమ్మా" అన్నాను.

"ఇంత పాత చీలిక, ఒక్క ఎముకతోనా?" అని నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

మాత్రలు రాయించుకుని, తర్వాత వస్తానని చెప్పి బయటపడ్డాను. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "ఏమన్నారండీ?" అంది.

"ఏం లేదు."

"ఏం లేకపోతే అంతసేపు లోపలేం చేశారు?"

"ఏం లేదన్నానా! వదిలెయ్యి."

మర్నాడు మిల్లులో మా బావమరిది పట్టుకున్నాడు. వాడు మా దగ్గరే కాగితం చుట్టలు చుట్టే మిషను నడుపుతాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. "బావా, నరం మాత్రం తీయించుకోకు. మా పక్కింటాయనకి తీశాక దవడంతా మొద్దుబారిపోయింది. ముద్ద నోట్లో ఉందో మింగేశాడో తెలిసేది కాదట పాపం."

"అది మత్తు ఇంజెక్షను వల్ల అయ్యుంటుందిరా."

"ఏమో బావా, నేను విన్నదే చెప్తున్నా. నీ పన్ను మామూలు పన్నా? మిల్లుని మోసే పన్ను!"

ఎగతాళికే అన్నాడు. నాకది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మరో వారం మాత్రలతో నెట్టుకొచ్చాను. మాత్ర పనిచేసినంతసేపు తగ్గిపోయిందని సంబరం, దిగిపోయాక తల గోడకేసి కొట్టుకోవాలనిపించడం. ఎనిమిదో రోజు పొద్దున బుగ్గ బూరెలా పొంగింది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. ఆ స్థితిలో ఏ విద్యా గుర్తుకు రాదు. నరం తీస్తావో, నా తలకాయే తీస్తావో తీయి తల్లీ అని వెళ్ళి కుర్చీలో పడ్డాను.

వాపు తగ్గేదాకా మందులిచ్చి, ఆ తర్వాత ఒక పొద్దున కూర్చోబెట్టి మొదలుపెట్టింది. గంటసేపు నోరు తెరిచి ఉంచడం ఒక శిక్ష. దవడ పట్టేస్తుంది, ఉమ్మి గొంతులోకి జారుతుంది, ముక్కు మీద దురద పుడుతుంది, అడిగే దిక్కుండదు. నొప్పి మాత్రం లేదు, అబద్ధమెందుకు చెప్పాలి. దారప్పోగంత సన్నటి ఆకురాళ్ళతో గొట్టాల లోపల తోముతూ కూర్చుంది. చేతి పని చేసేవాణ్ణి కాబట్టి ఆ పిల్ల చేతి నిదానం నాకు నచ్చింది. నచ్చినందుకు మళ్ళీ చిరాకేసింది.

అంతా అయ్యాక, "ఇది తాత్కాలికంగా మూశానండీ. పది రోజుల తర్వాత రండి, పూర్తిగా నింపేస్తాను. ఆ తర్వాత క్యాప్. అప్పటిదాకా ఈ పక్క ఏదీ నమలొద్దు, కొరకొద్దు. నొప్పి లేదు కదా అని మర్చిపోతారు అందరూ. చిట్లిన పన్ను, పైగా లోపల ఖాళీ చేశాం. ఇప్పుడిది గుడ్డు పెంకులాంటిది" అంది. రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తలూపాను.

నొప్పి ఎగిరిపోయింది. దాని స్థానంలో ఇంకో బాధ వచ్చి కూర్చుంది. వినపడుతుందా, వినపడదా? ఒక్క మాట డాక్టరమ్మని అడిగితే సరిపోయేది. అడగాలంటే కడ్డీ సంగతి చెప్పాలి. మా ఆవిడతో చెప్పుకోవచ్చు. చెబితే పోయి డాక్టరుతో చెప్పేస్తుంది. అలా ఎవరికీ చెప్పకుండా లోపల లోపల కుమిలిపోయాను. ముద్ద దిగేది కాదు. మాట్లాడిస్తే కసురుకునేవాణ్ణి. మామూలుగా నన్ను పొద్దున్నించి సాయంత్రందాకా సాధించే మా ఆవిడ, ఆ రోజుల్లో పల్లెత్తు మాట అనలేదు. కంచంలో మెత్తటిది పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుని చూసేది. ఎందుకలా చూస్తావని ఒకరోజు ఆమెనీ కసిరాను.

ఐదో రోజు పొద్దున షిఫ్టు ఇంజనీరు పరుగున వచ్చాడు. "మేస్త్రీ, ఆరబెట్టే వరసలో ఎక్కడో కొత్త చప్పుడు. ఏ రోలరో తేలట్లేదు. చూసి చెప్పండి, లేకపోతే మొత్తం ఆపాలి."

కడ్డీ తీసుకుని వెళ్ళాను. ఎడమ పక్క కరవచ్చు కదయ్యా అని మీరంటారు. ఇప్పుడు నేనూ అంటాను. ఆ రోజు తోచలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కుడి చేత్తో సంతకం పెట్టినవాడికి ఎడమ చెయ్యి గుర్తొస్తుందా? పైగా దొంగమాటెందుకు, నాకు ఆ పన్ను సంగతే తెలియాలి. ఐదు రోజులుగా అదే నన్ను తినేస్తోంది. ఒక్కసారి మెల్లగా ఆనిస్తే ఏమైపోతుందిలే అనుకున్నాను.

మొదటి రోలరు దగ్గర ఆనించాను. కళ్ళు మూసుకున్నాను.

వినిపించింది.

ఎప్పటిలాగే, సన్నగా, సాఫీగా, తల నిండా వినిపించింది. నరం లేదు, గిరం లేదు, చప్పుడు మాత్రం చెక్కుచెదరకుండా వచ్చేస్తోంది. ఓరి భగవంతుడా! గట్టిగా అరవాలనిపించింది. అరవాలంటే కడ్డీ వదలాలి. రెండో రోలరు, మూడో రోలరు, ఒక్కోటీ వింటూ పోయాను. పదిహేడో రోలరు కుడి పక్క బేరింగులో ఇసుక నమిలినట్టు గరగర. దొరికింది దొంగ! ఇంకా బాగా విందామని, ఆ సంబరంలో, కడ్డీని గట్టిగా కరిచాను.

టప్పుమంది.

చప్పుళ్ళు వినే బతుకు నాది. అది రోలరుది కాదని తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టలేదు.

రోలరు విప్పారు. బేరింగు లోపలి చట్రం విరిగి ఉంది. ఇంజనీరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మా బావమరిది, "చూశారా మా బావ పన్ను!" అని నలుగురికీ చెబుతున్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నాలుకతో తడిమితే పన్ను రెండుగా కదులుతోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు మందు బాగానే పనిచేసింది, ఊడగొట్టుకున్నది నేనే. నన్ను నేనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది.

ఆ సాయంత్రమే మళ్ళీ ఆ కుర్చీలో. ఈసారి మా ఆవిడ బయట ఉండనంది. "నేను డాక్టరుగారితో మాట్లాడాలి" అని నాతోపాటే లోపలికి వచ్చి మూల నిలబడింది. డాక్టరమ్మ చిన్న పనిముట్టుతో పన్నుని తాకింది. ముక్క అటు, ముక్క ఇటు.

"ఏం కొరికారండీ?"

ఇంక దాచడానికి ఏముంది? బేరింగులు, కడ్డీ, పెద్ద మేస్త్రి, సేఫ్టీ ఆఫీసరు, మొత్తం కక్కేశాను. నరం తీసేస్తే వినపడదేమోనని భయపడ్డానని కూడా చెప్పేశాను. యాభై ఆరేళ్ళవాణ్ణి, ఆ పిల్ల ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు మీరు?" అంది. కోపంగానే అంది.

"చెబితే వద్దంటారని."

"కొరకొద్దంటాను. వినొద్దని ఎందుకంటాను?"

లేచి, తన సెల్‌ఫోను తీసి, అది వణికేలా చేసింది. "చెవులు రెండూ గట్టిగా మూసుకోండి." ఒక స్టీలు పనిముట్టు కాడని ఫోనుకి ఆనించి, రెండో కొన నా చెవి వెనక ఎముక మీద పెట్టింది. జుమ్మని తలలో వినిపించింది. గడ్డం మీద పెట్టింది. వినిపించింది. ఎడమ పక్క దవడ పన్ను మీద, ఒత్తకుండా, ఊరికే ఆనించింది. కుడి పక్క ఎలా వినపడేదో అచ్చం అలాగే వినిపించింది.

"చప్పుడు ఎముకలోంచి వెళ్తుందండీ. పంటి నరానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మీ కడ్డీ చెవి వెనక పెట్టుకున్నా సరిపోతుంది. నాలుగు రోజులు అలవాటు కావాలంతే."

అర నిమిషం పట్టింది మొత్తం. చెవులు మూసుకున్న చేతులు అలాగే ఉంచేసి కూర్చున్నాను.

"అతికించడానికి ఏమీ లేదా అమ్మా?"

"వేరుదాకా చీలిపోయింది. తీసెయ్యాల్సిందే. ఇవాళ పొద్దుటిదాకా నిలబడే పన్నేనండీ ఇది. క్యాప్ వేసి ఉంటే మీతోపాటు ఉండేది" అంది. ఈసారి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తీసేసింది. రెండు ముక్కలుగా వచ్చింది. ఆ ఖాళీలో దూది పెట్టి, అరగంట దాకా గట్టిగా కొరికి పట్టుకోమని చెప్పి పంపింది.

బయట నవ్వే మొహాల బొమ్మల కింద కూర్చున్నాం. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది. పన్ను పోయినందుకు నేను ఏడవాలి గానీ ఈవిడకేమొచ్చిందని ఆమె భుజం మీద తట్టాను. విసిరికొట్టింది.

"నోట్లో పెద్ద జబ్బేదో వచ్చిందనుకున్నానండీ" అంది. "ఆ మాయదారి జబ్బే వచ్చింది, నాకు చెప్పకుండా దాస్తున్నారనుకున్నాను. తినరు, మాట్లాడరు, ఏమని అడిగితే ఏం లేదంటారు. ఇన్నాళ్ళుగా మీ కంచంలో వడ్డించేటప్పుడల్లా ఇంకెన్నాళ్ళు వడ్డిస్తానో అనుకుంటూ వడ్డించాను. అమ్మాయికి ఎలా చెప్పాలా అని ఆలోచించుకున్నాను. ఇవాళ డాక్టరుగారిని నిలదీసి అడుగుదామనే లోపలికొచ్చాను. మీరేమో కడ్డీ అంటారా? ఇనప కడ్డీనా?"

ఆమె ఎదురుగా కూర్చుని నా ముద్దలు లెక్కపెట్టిన రోజులన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. నేను కసిరిన కసురు కూడా. తప్పయిపోయిందే అని చెప్పబోయాను. నోరు తెరిచేసరికి దూది జారి, రక్తం గడ్డం మీదికి కారింది.

తన కొంగుతోనే తుడిచింది. ఇంకా ఏడుస్తూనే, దూది వేలితో లోపలికి నెట్టింది.

"మాట్లాడకండి" అంది. "కొరికి పట్టుకోండి."